అందరిదీ ఒకే ఫోల్డరు

కంప్యూటర్ ఏమడిగినా 'ఎస్' అని నొక్కేయడం మా ఆయనకు అలవాటు. అదేం అడిగిందో చదవడు. ఇంట్లో నేనేం అడిగినా 'చూద్దాంలే' అనే మనిషి, ఆ పెట్టె దగ్గర మాత్రం మహా ధారాళం. పేరు ఫణి. వినుకొండ బస్టాండు వెనక సందులో మాకు ఫ్లెక్సీల షాపుంది. బోర్డు మీద 'రామతులసి డిజిటల్స్' అని పెద్ద పెద్ద అక్షరాలుంటాయి. ఆ రామతులసిని నేనే. పెళ్ళయిన కొత్తలో ప్రేమ పొంగిపోయి నా పేరు పెట్టాడు. ఇప్పుడు ఆ బోర్డు కింది నుంచి లోపలికి వెళ్ళాలంటే నాకు తలెత్తబుద్ధి కావడం లేదు.

మొదట షాపులో రెండే కంప్యూటర్లు. ఒకదాని మీద షబ్నం డిజైన్లు చేసేది. రెండోది ప్రింటింగ్ మిషనుకు తగిలించి ఉండేది. రెండూ విండోస్‌వే కాబట్టి పెన్‌డ్రైవ్ అటు తీసి ఇటు పెడితే పని జరిగిపోయేది. షబ్నం మా వెనక బజారు హజ్రా బీ కూతురు. ఇంటర్ కాగానే మా దగ్గర చేరింది. నన్ను వదినా అంటుంది, మా ఆయన్ని అన్నా అంటుంది. నోట్లో నాలుక లేని పిల్ల. వినుకొండలోనే కాదు, ఇటు బొల్లాపల్లి నుంచి, అటు నూజెండ్ల నుంచి వచ్చేవాళ్ళు కూడా 'ఆ అమ్మాయి చేత చేయించండి' అని అడిగి మరీ ఆర్డరిచ్చేవాళ్ళు. ఆ పిల్లకు ఈ ఊళ్ళో ఉన్న ఆస్తల్లా ఆ మంచిపేరే.

అలాంటి షాపులోకి మా ఆయన ఒక ఆపిల్ కంప్యూటర్ తెచ్చి పెట్టాడు. గుంటూరులో ఎవరో స్టూడియో ఎత్తేస్తుంటే ముచ్చటపడి కొనుక్కొచ్చాడు. ఇకమీదట తనూ డిజైన్లు చేస్తాడట. చేస్తే చేశాడు, ఆ ఆపిల్‌కూ మా విండోస్‌కూ క్షణం పడేది కాదు. షబ్నం పెన్‌డ్రైవ్ అందులో పెడితే చూపించేది గానీ, ఒక్క కొత్త ఫైలు కూడా ఆ పెన్‌డ్రైవ్‌లో వేసుకోనిచ్చేది కాదు. సరేనని ఆయన ఆపిల్‌కు నచ్చినట్టు ఇంకో పెన్‌డ్రైవ్ తయారుచేసి, పగలంతా కష్టపడి చేసిన పెళ్ళి ఫ్లెక్సీని నేరుగా దాంట్లోనే సేవ్ చేసి ప్రింటింగ్ కంప్యూటర్‌కు పెట్టాడు. అది 'ఫార్మాట్ చేయమంటావా' అని అడిగింది. మా ఆయన ఎస్ నొక్కాడు. పెళ్ళి మొత్తం గాలికి కొట్టుకుపోయింది.

"ఇట్టా కాదు. మూడింటినీ వైఫైలో కలిపి ఒకే ఫోల్డర్ పెడతా. ఎవరు ఏది చేసినా దాంట్లోనే పడాల. పెన్‌డ్రైవ్ గోలే ఉండదు," అన్నాడు.

"మీకు వచ్చా అది?" అన్నాను.

"యూట్యూబ్‌లో పిల్లకాయలు చేస్తన్నారు. నాకు రాదా?"

ఆదివారం పొద్దున మొదలుపెట్టాడు. ప్రింటింగ్ కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ చేసి, దానికి 'అందరిదీ' అని పేరు పెట్టి, ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా మార్చొచ్చు అని టిక్కులు కొట్టాడు. షబ్నం కంప్యూటర్‌లో అది వెంటనే కనపడింది. ఆపిల్‌లో మాత్రం కనపడితే ఒట్టు. ఆ సర్వర్ అడ్రసు కొట్టిందే కొట్టాడు. పాస్‌వర్డ్ వల్లేమోనని తీసేశాడు. ఫైర్‌వాల్ అంటే దాన్నీ ఆపేశాడు. యూట్యూబ్ వాడిని తిట్టాడు, అన్నానికి పిలిస్తే నన్ను తిట్టాడు. సాయంత్రానికి తెలిసిందేమంటే, ఆపిల్ అసలు మా షాపు వైఫైలోనే లేదు. పొద్దుట్నించీ ఆయన జేబులో ఉన్న ఫోన్ హాట్‌స్పాట్‌కు అంటుకుని కూర్చుంది. నేను కొంగు, షబ్నం చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వాం. ఫోల్డర్ తెరుచుకోగానే ఆయన రూటర్‌కు పసుపు రాసి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. ఆ సాయంత్రం నాకు కూడా గొప్పగానే అనిపించింది. అబద్ధమెందుకు, మా ఆయన ఇంజనీరులా కనిపించాడు.

ఇక్కడ మా షాపులో పని జరిగే పద్ధతి ఒకటి చెప్పాలి. ఫ్లెక్సీ అంటే ప్రతిసారీ కొత్తగా గీసేదేం ఉండదు. పుట్టినరోజుకు ఒక డిజైను, ఓణీల ఫంక్షన్‌కు ఒకటి, పెద్దకర్మకు మబ్బులూ దీపమూ పూలదండా ఉన్నది ఒకటి, ఇలా తయారుగా ఉంటాయి. వాటిలో మనిషి బొమ్మ అతికించి ఉండదు. ఫోల్డర్‌లో 'ఫేస్' అనే పేరుతో ఏ ఫైలుంటే డిజైను దాన్ని తెచ్చుకుని దండ మధ్యలోనో కేకు పక్కనో చూపిస్తుంది. కొత్త ఆర్డర్ రాగానే పాత ఫేస్ మీద కొత్త ఫేస్ వేసి, పేరు మారిస్తే ఫ్లెక్సీ అయిపోయినట్టే. ఈ పద్ధతి పెట్టింది నేనే. వాట్సాప్‌లో వచ్చే ఫోటోలకు యల్లమంద, పుల్లయ్య అని పేర్లు పెట్టుకుంటూ కూర్చోలేక, అందరికీ ఒకే పేరు పెట్టమన్నాను. షబ్నం కంప్యూటర్ షబ్నందే కాబట్టి ఇన్నాళ్ళూ ఏ గొడవా రాలేదు. ఇప్పుడు ఇద్దరి ఫేసులూ ఒకే ఫోల్డర్‌లో పడుతున్నాయి. ఆ సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

నూజెండ్ల దగ్గర ఊరి నుంచి చెన్నకేశవులు అనే రైతు వచ్చాడు. వాళ్ళ నాన్న యల్లమంద పోయాడు, పెద్దకర్మకు ఫ్లెక్సీ కావాలన్నాడు. ఫోటోలో యల్లమంద తలపాగాతో, నవ్వీ నవ్వనట్టు ఉన్నాడు. షబ్నం ఆ ముఖాన్ని ఎంత ఓపికగా శుభ్రం చేసిందో నేను పక్కనే ఉండి చూశాను. దండ మధ్యలో పెట్టి, కింద 'భార్య రామాయమ్మ, కుమారుడు చెన్నకేశవులు' అని వేసి చూపించింది. చెన్నకేశవులు కళ్ళు తుడుచుకుని బాగుందన్నాడు. షబ్నం దాన్ని ఫోల్డర్‌లో పెట్టి భోజనానికి ఇంటికెళ్ళింది.

ఆలోపు మా ఆయన ఆపిల్ ముందు కూర్చుని ప్రవీణ్ అనే కుర్ర నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ చేస్తున్నాడు. నల్ల కళ్ళద్దాలు, చేతికి కడియం, గాల్లోకి చెయ్యి. ఆ బొమ్మను ఫేస్ అని సేవ్ చేయబోతే, ఆ పేరుతో ఇప్పటికే ఒకటుంది, దాని స్థానంలో ఇది పెట్టమంటావా అని కంప్యూటర్ అడిగింది. ఏం నొక్కాడో మీకు చెప్పనక్కర్లేదు. తర్వాత వెళ్ళి పెద్దకర్మ ఫ్లెక్సీని తెరిచి చూడకుండానే ప్రింట్‌కు వదిలి, ఫోన్ మాట్లాడుకుంటూ బయటికెళ్ళాడు. అది చుట్టుకుంటూ వచ్చింది. వచ్చింది వచ్చినట్టే పేపర్‌లో చుట్టి నేనే ఇచ్చాను.

పెద్దకర్మ నాడు మధ్యాహ్నం షాపు ముందు ఆటో ఆగింది. చెన్నకేశవులు, అతని వెంట చుట్టాలు దిగారు. వెనక బోసి నుదురుతో ఒక పెద్దావిడ దిగింది. ఆమె రామాయమ్మ అని చెప్పకుండానే తెలిసిపోయింది. కర్మ అయిన రోజున గడప దాటకూడని మనిషి. దాటి బస్టాండు వెనక సందు దాకా వచ్చిందంటే ఏదో ఘోరమే జరిగి ఉండాలి.

చెన్నకేశవులు ఫ్లెక్సీని నేల మీద పరిచాడు. మబ్బులు, దీపం, పూలదండ, దండ మధ్యలో నల్ల కళ్ళద్దాల ప్రవీణ్. పైన కన్నీటి నివాళి. కింద భార్య రామాయమ్మ.

"ఈడెవడే?" అంది రామాయమ్మ నన్ను చూసి. "నా మొగుడా ఈడు?"

నాకు తల కొట్టేసినట్టయింది.

"తెల్లారగట్ట షామియానా వాళ్ళొచ్చి కట్టిపోయారు," అన్నాడు చెన్నకేశవులు. "వాళ్ళకు మా నాయన తెలవదు. మేం చెరువుకాడ పనిలో ఉన్నాం. ఊరంతా చూసినాక మేం చూశాం."

"చూసి నవ్వారే!" అని అరిచింది రామాయమ్మ. "అన్నాలకొచ్చినోళ్ళంతా మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వారు. నా మొగుడి కర్మలో ఊరంతటినీ నవ్వించారే మీరు! ఎవరు చేశారో పిలవండి. ఆ ముఖం చూడాల నేను."

మా ఆయన ఒక్క అంగలో ప్రింటింగ్ కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాడు. ఫోల్డర్ తెరిచాడు, ఫేస్ తెరిచాడు. అద్దాల ప్రవీణ్‌ను చూశాడు. ఆపిల్ వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్న దాన్ని, ఆయన ముఖం ఎప్పుడు ఏ రంగు తిరుగుతుందో నాకు తెలుసు. ఆ క్షణంలోనే ఆయనకు మొత్తం అర్థమైపోయింది. నాకూ అర్థమైపోయింది. ఇప్పుడు ఇవతలికొచ్చి 'నాదే పొరపాటు' అంటాడు, అందరం కలిసి తిట్లు తిందాం అనుకున్నాను.

"షబ్నం!" అని కేకేశాడు. "ఏందిది? సరిగ్గా చూసుకుని పంపమని ఎన్నిసార్లు చెప్పా నీకు?"

షబ్నం లేచి నిలబడింది. ఫ్లెక్సీని చూసింది, మా ఆయన్ని చూసింది. "నేను... అన్నా, నేను ఆ పెద్దాయన ఫోటోనే..." అంటుండగానే చుట్టాల్లో ఒకాయన అడ్డం వచ్చాడు.

"ఈ పిల్లా చేసింది? వాళ్ళకేం తెలుస్తయ్యయ్యా మన కర్మలూ కాండలూ! అందుకే నవ్వులాటకు చేసి పెట్టింది."

ఆ మాటతో షబ్నం ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. గబగబా వచ్చి రామాయమ్మ కాళ్ళ మీద పడింది. "తప్పైపోయింది పెద్దమ్మా! నవ్వులాటకు కాదు పెద్దమ్మా! నాకేం తెలవదు!" అని ఏడ్చింది.

రామాయమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. "నీ చేతులు పడిపోను!" అంది.

నేను కౌంటర్ బల్ల పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒక్క మాట, 'ఆ పిల్ల కాదు' అనే ఒక్క మాట చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. అంటే మా ఆయన్ని అక్కడే పట్టుకుంటారు. ఫోల్డర్ ఆయనది, ఆ ఫేస్ అనే పేరు నాది, బయట బోర్డు నాది. నలుగురిలో మొగుడి పరువు తియ్యలేక మూసుకున్నానని ఎవరితోనైనా చెప్పొచ్చు. అసలు సంగతేమంటే నాకు నా పరువు ముఖ్యమనిపించింది. ఛీ, చెప్పుకోవడానికే అసహ్యంగా ఉంది.

వాళ్ళు తిట్టి తిట్టి వెళ్ళిపోయారు. షబ్నం టిఫిన్ క్యారియర్ తీసుకుని, చున్నీ తల మీదికి లాక్కుని బయటికి నడిచింది. రోజూ 'వెళ్ళొస్తా వదినా' అనే పిల్ల ఆ రోజు నా వైపు తిరగలేదు.

"ఎందుకన్నారు ఆ పిల్లని?" అని మా ఆయన మీద పడ్డాను.

"నన్నయితే కొట్టేవాళ్ళే. ఆడపిల్ల కాబట్టి నాలుగు మాటలని పోయారు. షాపు మిగిలిందా లేదా? రేపొస్తదిలే, నేను సర్దిచెప్తా."

ఆ సమాధానం నాకు రోత పుట్టించింది. పుట్టించినా ఆయనకు అన్నం పెట్టాను, నేనూ తిన్నాను.

షబ్నం మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ప్రవీణ్ మనుషులు ఒకసారి వచ్చి, బతికున్నోడికి దండేస్తారా అని ఎగిరి, పెద్ద ఫ్లెక్సీ వేసిస్తామంటే చల్లబడ్డారు. మా ఆయన మామూలైపోయాడు. అప్పుడిక ఉండబట్టలేక వెనక బజారుకు వెళ్ళాను.

హజ్రా బీ వాకిట్లో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నన్ను చూడగానే లేచి పీట వేసింది.

"రా తులసమ్మా. నువ్వన్నా చెప్పు దీనికి. తిండి లేదు, నిద్ర లేదు. తప్పు చేస్తే అనరా మరి? మీ షాపు పేరు చెడగొట్టింది నా కూతురు. ఏమనుకోబాక తల్లీ," అని నా చేతులు పట్టుకుంది. "వేరే షాపులో అడిగితే, ఆ కర్మ ఫ్లెక్సీ అమ్మాయా, వద్దులే అన్నారంట. అదే పేరైపోయింది దానికి."

నా చేతులు వెనక్కి తీసుకోలేకపోయాను. ఆమె క్షమాపణ అడుగుతోంది, నన్ను!

షబ్నం లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. కళ్ళు గుంటలు పడ్డాయి.

"వదినా, ఒక్కటి చెప్పు," అంది. "నేను పంపేటప్పుడు ఆ పెద్దాయన ముఖమే ఉంది కదా? నువ్వు పక్కనే ఉన్నావు కదా? నాకు తలపాగా సరిచేసినట్టే గుర్తుంది. మళ్ళీ అనుమానమొస్తంది. నాకే ఏమన్నా అయిందేమో, పిచ్చిగానీ పట్టిందేమోనని భయమేస్తంది."

"ఆయన ముఖమే ఉంది," అన్నాను. ఇక ఆగకుండా మొత్తం చెప్పాను. ఒకే ఫోల్డర్ కావడం వల్ల ఏమైందో, ఒకే పేరు ఉండటం వల్ల ఏమైందో, ఆపిల్ ఏం అడిగిందో, ఆయన ఏం నొక్కాడో, మిషనులో ఏది ఎలా మారిపోయిందో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను.

షబ్నం గుమ్మం పట్టుకుని మొత్తం వింది. "అన్నకు అప్పుడే తెలుసా?" అంది.

"తెలుసు."

"నీకు?"

తలూపాను. హజ్రా బీ చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. షబ్నం వచ్చి తల్లి పక్కన కూర్చుని, గంప ముందుకు లాక్కుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది. "నువ్వెళ్ళు వదినా," అంది. కోపంగా కూడా అనలేదు.

ఇంటికొచ్చేదాకా నాకు తట్టలేదు. ఫోల్డర్ గురించి అంతసేపు చెప్పినదాన్ని, తప్పైపోయిందని మాత్రం అనలేదు.

"నూజెండ్ల పోదాం పదండి. ఆ ఇంటోళ్ళకి నిజం చెబుదాం," అన్నాను మా ఆయనతో.

"చల్లారినదాన్ని కెలకబాక," అన్నాడు. "నువ్వు పోతే పో. నా పేరెత్తబాక."

"ఎత్తుతా," అని ఆటో ఎక్కాను.

రామాయమ్మ వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చెన్నకేశవులు మంచం మీద ఉన్నాడు. పక్కిళ్ళ ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. నన్ను గుర్తుపట్టి ఎవరూ కూర్చోమనలేదు. అదే మేలనిపించింది. నిలబడే మొదలుపెట్టాను. మాకు మూడు కంప్యూటర్లు ఉన్నాయని, ఒకదానికీ ఒకదానికీ పడదని, వైఫైలో కలిపితే...

"అయ్యన్నీ నాకెందుకు?" అంది రామాయమ్మ. "ఆ పిల్ల చేసిందా, చెయ్యలేదా?"

"చెయ్యలేదు పెద్దమ్మా. మా ఆయన చేశాడు. తెలియక చేశాడు. తెలిసాక ఆ పిల్ల మీదికి తోశాడు."

"మరి నా కాళ్ళెందుకు పట్టుకుంది?"

నేల చూపులు చూశాను.

"నువ్వక్కడే ఉన్నావుగా," అంది ఆమె. "బల్ల పట్టుకుని నిలబడి ఉన్నావు. నేను చూశా."

"ఉన్నాను పెద్దమ్మా."

"తెలిసే ఉన్నావా?"

"తెలిసే ఉన్నాను."

పక్కింటి ఆడవాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. రామాయమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని ఆశపడ్డాను కూడా. ఆమె నన్ను వదిలేసి కొడుకు వైపు తిరిగింది.

"ఒరేయ్, ఆ పిల్లకి ఫోన్ కలపరా."

నంబరు నేనే చెప్పాను. కొత్త నంబరు కాబట్టి షబ్నం ఎత్తింది. రామాయమ్మ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మాయ్, నేను రామాయమ్మని. యల్లమంద పెళ్ళాన్ని. నువ్వు చెయ్యలేదంట కదా తల్లీ. నేను తెలవక నీ చేతులు పడిపోవాలని తిట్టా. తప్పైపోయిందమ్మా. నీ చేతులు చల్లగుండాల. మావోడు అన్న మాట కూడా మనసులో పెట్టుకోబాక."

అంతే, ఒక్క గుక్కలో అనేసింది. మొగుడు పోయి, ఊళ్ళో నవ్వులపాలై, ఎవరికీ ఏ అన్యాయమూ చేయని మనిషి, ఆ మాట కోసం క్షణం కూడా వెతుక్కోలేదు. నేను ఆ ఒక్క మాటకే ఇంటికీ వెనక బజారుకీ నూజెండ్లకీ తిరుగుతున్నాను. అక్కడే నిలువునా చచ్చిపోవాలనిపించింది.

"మీ షాపామె ఇక్కడే ఉంది. మాట్లాడు," అని ఫోన్ నా చేతికిచ్చింది.

"షబ్నం," అన్నాను. "తప్పు నాదే. నన్ను క్షమించు."

అటువైపు చాలాసేపు ఏడుపే వినిపించింది. తర్వాత మెల్లగా అంది. "వదినా, ఆ రోజు నేను పట్టుకుంది ఆమె కాళ్ళు. కానీ చూసింది నీ వైపే. నువ్వు చెప్తావని చూశా."

ఫోన్ పెట్టేసింది. నేను దాన్ని ఇంకా చెవికి ఆనించుకునే ఉన్నాను.

"ఏమందమ్మా?" అని అడిగింది రామాయమ్మ.

అందరూ నా వైపే చూస్తున్నారు. ఆ పిల్ల అన్న మాటను అన్నది అన్నట్టే, అందరికీ వినపడేలా చెప్పాను.